మన ఊరి నర్సమ్మ – మన పిల్లల ఆరోగ్యం



పొద్దున్నే సికింద్రాబాదు స్టేషనుకు చేరే రైళ్ళలో, జూబిలీ బస్ స్టేషన్‌లో ఆగే జిల్లా బస్సుల్లో ఎందరో దిగుతుంటారు. కూలికి వచ్చేవాళ్ళు కొందరు, సరుకు కొనడానికి వచ్చేవాళ్ళు కొందరు. వాళ్ళ మధ్యనే బిడ్డను కొంగులో చుట్టుకుని దిగే తల్లులు కూడా ఉంటారు. బిడ్డకు నాలుగు రోజులుగా విరేచనాలు, కళ్ళు లోతుకు పోయాయి. లేదా రొమ్ము పట్టడం మానేసి డొక్కలు ఎగరేస్తున్నాడు. తండ్రి చేతిలో గుడ్డసంచీ, జేబులో అప్పు తెచ్చిన డబ్బు. “గాంధీ దవాఖానాకు ఎట్లా పోవాలె?” అని అడుగుతారు. (తెలియనివారికోసం: ఆ ఆసుపత్రి పూర్వం స్టేషనుకు దగ్గరలోనే ఉండేది. 2003లో ముషీరాబాదు పాత జైలు ఉన్న స్థలంలో కట్టిన భవనాలకు మారింది. పాత లెక్కన స్టేషను దగ్గర వెదుకుతూ కాలం పోగొట్టుకోవద్దు.)

పెద్దాసుపత్రి ఉండవలసిందే. కొన్ని జబ్బులకు అక్కడి డాక్టర్లూ, అక్కడి నర్సులూ, అక్కడి యంత్రాలే దిక్కు. కాని అక్కడిదాకా వచ్చే పసిపిల్లల జబ్బుల్లో చాలావాటిని ఊళ్ళోనే ఆపవచ్చు. రైలు టిక్కెట్టు అక్కరలేదు, అప్పు అక్కరలేదు. ఆపగలిగిన మనిషి మీ ఊళ్ళోనో, పక్క ఊళ్ళోనో ఉన్నది. ఆమెను మీరు “సూదులేసే నర్సమ్మ” అని పిలుస్తారు. ఆమె చేతిలో సూది ఉన్నమాట నిజమే. కాని సూది ఆమె పనిలో ఒక వంతు మాత్రమే. మిగిలిన వంతులు తెలియకపోవడంచేత మనం ఆమెను సరిగా వాడుకోవడం లేదు.

ఎవరీ నర్సమ్మ?

మైదాన ప్రాంతాల్లో సుమారు 5000 మంది జనాభాకు, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 3000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలని ప్రభుత్వపు లెక్క. ఆ ఉపకేంద్రంలో ఉండే ఆమే మన నర్సమ్మ. కాగితాల మీద ఎ.ఎన్.ఎం. అనీ, ఆరోగ్య కార్యకర్త అనీ రాస్తారు. కాన్పు చేయడం, బిడ్డను చూడడం, టీకాలు వేయడం నేర్చుకుని, పరీక్ష రాసి వచ్చిన మనిషి. పూర్వం కుటుంబ నియంత్రణకు ఒకరు, మశూచికి ఒకరు, మలేరియాకు ఒకరు అంటూ ఇంటికి వేర్వేరు మనుషులు వచ్చేవారు. 1973లో కర్తార్ సింగ్ సంఘం సిఫారసు చేసిన తర్వాత ఈ పనులన్నీ కలిపి చూసే కార్యకర్తల పద్ధతి వచ్చింది. ఆమెకు తోడుగా 2005 తర్వాత ఆశా కార్యకర్తలు వచ్చారు. ఆశా మీ ఊరి కోడలే, మీకు తెలిసిన మనిషే. ఆశా కబురు తెస్తుంది, నర్సమ్మ చెయ్యి వేస్తుంది.

5000 మంది అంటే కనీసం వెయ్యి ఇండ్లు. ఒక్క మనిషి వెయ్యి ఇండ్లు తిరిగి, ఎవరు నెల తప్పారు, ఎవరి బిడ్డకు టీకా రోజు దాటింది, ఎవరి బిడ్డ బరువు పెరగలేదు అని పుస్తకంలో రాసుకుంటుంది. ఆమె మీ ఇంటికి రాలేదని కోపం తెచ్చుకునేముందు ఈ లెక్క ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆమె రాకపోతే మీరు వెళ్ళండి.

బిడ్డ పుట్టకముందే

నెల తప్పిందని తెలియగానే, మూడు నెలలు నిండేలోపలే నర్సమ్మ దగ్గర పేరు రాయించుకోవాలి. కనీసం నాలుగుసార్లు చూపించుకోవాలి. ఆమె బరువు చూస్తుంది, రక్తపోటు చూస్తుంది, రక్తం ఎంత ఉందో చూస్తుంది, ఇనుము మాత్రలు ఇస్తుంది. మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడని కొందరు పారేస్తారు. మలం నల్లగా అవుతుందేగాని బిడ్డ కాదు!

గర్భిణికి వేసే ధనుర్వాతం టీకా సంగతి మాత్రం కొంచెం చెప్పాలి. పూర్వం కొడవలితోనో బ్లేడుతోనో బొడ్డు కోసి, పేడ, బూడిద రాసేవారు. ఏడెనిమిది రోజులకు బిడ్డ నోరు బిగుసుకుపోయి, ఒళ్ళు విల్లులా వంగి చచ్చిపోయేవాడు. దయ్యం పట్టిందనేవారు. అది దయ్యం కాదు, ధనుర్వాతపు క్రిమి. తల్లికి వేసిన టీకా బలం బిడ్డకు కడుపులోనే అందుతుంది. ఊరూరా నర్సమ్మలు వేసిన ఈ సూదులవల్ల, శుభ్రమైన కాన్పులవల్ల, 2015లో భారతదేశంలో తల్లులకూ పసికందులకూ వచ్చే ధనుర్వాతం అదుపులోకి వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. పోయింది గదా అని టీకా మానరాదు. క్రిమి మట్టిలోనే ఉంది, మానితే మళ్ళీ వస్తుంది.

మొదటి గంట, మొదటి నెల

ఐదేళ్ళలోపు పోయే పిల్లల్లో ఎక్కువమంది మొదటి నెలలోనే పోతున్నారు. అందులోనూ మొదటివారం మరీ గండం. ఈ రోజుల్లో కాన్పు ఆసుపత్రిలోనే అవుతోంది గనుక మొదటి గంటలో బిడ్డ నర్సు చేతిలో ఉంటుంది. ఆమె ఏంచేస్తుందో తెలిస్తే మీరు అడ్డుపడరు.

బిడ్డ బయటపడగానే పొడిగుడ్డతో తుడిచి తల్లి రొమ్ముమీద, ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెడుతుంది. తడిసిన పసికందు మనకంటే చాలా త్వరగా చల్లబడిపోతుంది. మనకు ఉక్కపోతగా ఉన్న గదిలో కూడా బిడ్డకు చలి తగులుతుంది. అందుకే వెంటనే స్నానం చేయించనివ్వదు. “మురికిగా ఉన్నాడు, నీళ్ళు పోయండి” అని నాయనమ్మ పట్టుబట్టినా ఆమె ఒప్పుకోదు. ఆమెమీద అలగవద్దు. తర్వాత బిడ్డ తొడకు ఒక చిన్న సూది వేస్తుంది. అది కె-విటమిను. బిడ్డ ఒంట్లో నెత్తురు ఆగకుండా కారిపోకుండా కాపాడుతుంది.

గంటలోపల ముర్రుపాలు పట్టాలి. పచ్చగా, చిక్కగా ఉన్నాయని, అరగవని పిండి పారబోయడం మన పల్లెల్లో ఇంకా పూర్తిగా పోలేదు. ఆవు ఈనితే దూడకు జున్నుపాలు తాగనిచ్చే రైతు, తన బిడ్డకు వచ్చేసరికి పారబోయిస్తాడు. దూడకు పనికివచ్చింది బిడ్డకు ఎందుకు పనికిరాదు? ముర్రుపాలలో రోగాలను ఎదిరించే పదార్థాలు నిండుగా ఉంటాయి. బిడ్డకు దొరికే మొట్టమొదటి రక్షణ అదే. ఆరునెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చక్కెరనీళ్ళు వద్దు, తేనె వద్దు, ఆముదం వద్దు, ఎండాకాలమైనా మంచినీళ్ళు కూడా వద్దు. పాలలోనే నీరు ఉంది.

బొడ్డుకు ఏమీ రాయవద్దు. పసుపు, కుంకుమ, బూడిద, పౌడరు ఏవీ వద్దు. పొడిగా ఉంచితే అదే రాలిపోతుంది.

రెండున్నర కిలోలకు తక్కువగా పుట్టిన బిడ్డను “బక్కబిడ్డ” అని ఊరుకోవద్దు. ఇట్టి బిడ్డను తల్లి గుండెలమీద నిలువుగా పెట్టి గుడ్డతో కట్టుకునే పద్ధతిని నర్సు నేర్పుతుంది. కంగారూ జంతువు పిల్లను సంచీలో మోసినట్టు ఉంటుంది గనుక కంగారూ పద్ధతి అంటారు. 1970లలో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశపు ఆసుపత్రిలో, వెచ్చబెట్టే పెట్టెలు చాలక మొదలుపెట్టారు. తీరా చూస్తే తల్లి ఒళ్ళే మంచి పెట్టె అని తేలింది. తల్లి అలసిపోతే తండ్రి కూడా చొక్కా విప్పి కట్టుకోవచ్చు. మగవాళ్ళు సిగ్గుపడుతున్నారు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమున్నది?

ఇంటికి వచ్చాక ఆశా 3వ రోజు, 7వ రోజు, 14, 21, 28, 42వ రోజుల్లో వచ్చి బిడ్డను చూస్తుంది. అనుమానం వస్తే నర్సమ్మకు చెబుతుంది. నర్సమ్మ బిడ్డ పొట్టమీది గుడ్డ తీసి, గడియారం చూస్తూ ఒక నిమిషంపాటు ఊరికే కూర్చుంటే “ఏమీ చెయ్యట్లేదు” అనుకోకండి. శ్వాసలు లెక్కపెడుతున్నది. రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60 లేక అంతకు మించి, సంవత్సరం లోపు బిడ్డకు 50 లేక అంతకు మించి, ఐదేళ్ళలోపు పిల్లలకు 40 లేక అంతకు మించి ఉంటే అది నిమోనియా కావచ్చు. ఏ యంత్రమూ లేకుండా, ఒక గడియారంతో పట్టుకునే జబ్బు ఇది. పట్టుకున్నది మొదటిరోజు అయితే మందుతో పోతుంది. ఐదోరోజు అయితే ఆ బిడ్డే రైలెక్కుతాడు.

బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్ళు చల్లబడినా, కాలిపోతున్నా, డొక్కలు ఎగరేసినా, ఫిట్సు వచ్చినా, అరచేతులు అరికాళ్ళు పచ్చబడినా తెల్లవారేదాకా ఆగవద్దు, మంత్రం వేయిస్తూ కూర్చోవద్దు. 108కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న మన ప్రాంతంలోనే మొదలైన సర్వీసు అది. దాని కేంద్రం సికింద్రాబాదు నుంచి మేడ్చల్ పోయే దారిలోనే ఉంది. బండికి డబ్బు అక్కరలేదు.

సీసాలో మందు, నర్సమ్మ చేయి

మేడ్చల్ దారి అన్నాను గనుక ఇంకో సంగతి. దేశంలోనే మొదటిసారిగా జన్యు పద్ధతిలో తయారైన కామెర్ల (హెపటైటిస్-బి) టీకా 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ నుంచి వచ్చింది. పసిపిల్లల విరేచనాలను ఆపే రోటా చుక్కల మందును శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌తో సహా నాలుగు రాష్ట్రాల్లో ఆ చుక్కలు ప్రభుత్వ టీకాల్లో చేరాయి. మన పొలాల పక్కన తయారయ్యే మందులు ప్రపంచానికి పోతున్నాయి. గర్వపడవలసిందే. కాని మందు సీసాలో ఉన్నంతసేపు ఏ ఒక్క బిడ్డనూ కాపాడదు. సీసాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచి, ఐసుపెట్టె మోసుకుని, మీ ఊరి అంగన్‌వాడీకి తెచ్చి, మీ బిడ్డకు అందించే చేయి ఒకటి కావాలి.

ఆ చేయి ఎంత పనిచేయగలదో 2016లో మన జంటనగరాల్లో చూశాం. పోలియో మన దేశంలో చివరిసారిగా 2011 జనవరిలో కనిపించింది. 2014 మార్చి 27న దేశానికి పోలియో లేదని సర్టిఫికెట్టు వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళకు, అంబర్‌పేట మురికినీటిలో పోలియో క్రిమి ఒకటి దొరికింది. పాత చుక్కలమందులో ఉండే బలహీనమైన క్రిమి, టీకా అందని పిల్లలున్నచోట తిరిగి తిరిగి బలం పుంజుకుంటుంది. అట్టి క్రిమి అది. ఏ బిడ్డకూ కాలు పడిపోలేదు. కాని ఊరుకుంటే పడిపోయేది. అప్పుడు ఏంచేశారు? 2016 జూన్ 20 నుంచి వారంరోజుల్లో, ఆరువారాల నుంచి మూడేళ్ళ వయస్సున్న పిల్లలు 3 లక్షలమందికి పైగా పోలియో సూది వేశారు. అది మామూలు సూది కాదు. మందులో ఐదోవంతు మాత్రమే, అంటే 0.1 మిల్లీలీటరు, సరిగ్గా చర్మం పొరలోకి ఎక్కించాలి. కందిగింజంత పొంగు లేస్తేనే సరిగా పడ్డట్టు. లోతుకు పోతే పొంగు లేవదు. ఏడుస్తూ గింజుకునే బిడ్డ చేతికి ఈ పని చేయాలంటే చేయి ఎంత నిలకడగా ఉండాలో ఆలోచించండి. జూన్ ఎండలో, బస్తీ బస్తీ తిరిగి, ఇన్ని లక్షల పిల్లలకు వేసినవారు నర్సమ్మలే.

ఇప్పుడు మీ బిడ్డ సంగతి. పుట్టగానే బి.సి.జి., పోలియో చుక్కలు, 24 గంటలలోపు కామెర్ల టీకా. తర్వాత 6, 10, 14 వారాలకు కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం మొదలైన ఐదు జబ్బులకు ఒకే సూది, దాంతోపాటు పోలియో చుక్కలు, రోటా చుక్కలు. 6, 14 వారాలకు పోలియో సూది, నిమోనియా సూది కూడా ఉంటాయి. తొమ్మిది నెలలు నిండగానే తట్టు–రుబెల్లా టీకా, నిమోనియా, పోలియో సూదులు మరోసారి. ఏడాదిన్నరకు తట్టు టీకా రెండోది, మిగతా బూస్టర్లు. ఐదేళ్ళకు ఒకటి, పదేళ్ళకు, పదహారేళ్ళకు ఒక్కొక్కటి. ఇవన్నీ మీరు కంఠతా పట్టనక్కరలేదు. కార్డులో నర్సమ్మ తేదీ రాసి ఇస్తుంది. ఆ కార్డును రేషనుకార్డు పెట్టినచోటే పెట్టండి. కూలిపనికి సికింద్రాబాదుకో, ఇటుకబట్టీలకో, పుట్టింటికో వెళ్ళినా కార్డు తీసుకువెళ్ళండి. ఏ ఊరి నర్సమ్మ అయినా కార్డు చూసి తర్వాతి టీకా వేస్తుంది.

టీకా రోజు తప్పిపోతే వదిలేయవద్దు. మొదటినుంచి మొదలుపెట్టనక్కరలేదు, ఆగినచోటునుంచి వేస్తారు. కాని టీకా రోజున, మన దగ్గర సాధారణంగా బుధవారం, శనివారం, పొద్దున్నే వెళ్ళడం మేలు. బి.సి.జి., తట్టు మందులు కలిపిన నాలుగు గంటలకు మిగిలింది పారబోయాల్సిందే. మీకు అనుమానం ఉంటే సీసా చూపించమనండి. సీసామీద గుండ్రటి గుర్తు, దాని మధ్య ఒక చదరం ఉంటుంది. చదరం గుండ్రటి గుర్తుకంటే తెల్లగా ఉన్నంతవరకు మందు మంచిది. వేడి తగిలినకొద్దీ చదరం నల్లబడుతుంది. అడిగినందుకు మంచి నర్సమ్మ కోపగించుకోదు, సంతోషిస్తుంది.

పల్లెల్లో తరచుగా వినిపించే మాట ఒకటుంది.

“పోయినసారి సూదేస్తే పిలగానికి రాత్రంతా జరమొచ్చింది. ఇగ మాకొద్దు నర్సమ్మా!”

“జరమొచ్చిందా అవ్వా? మందు ఒంట్ల పని మొదలుపెట్టిందన్నట్టు. ఒకటి రెండు రోజుల్ల తగ్గిందా లేదా?”

“తగ్గిందిలే.”

“మరి కోరింతదగ్గు వస్తే రెండు రోజుల్ల తగ్గుతదా? నీ చిన్నతనంల చూళ్ళేదా?”

అవ్వ ఊరుకుంటుంది. ఎందుచేతనంటే ఆమె చూసింది. ఇప్పటి తల్లులు చూడలేదు. టీకాలవల్ల వచ్చిన చిక్కు ఇదే. జబ్బు కళ్ళబడదు, జ్వరం మాత్రం కళ్ళబడుతుంది. టీకా తర్వాత అరగంట అక్కడే కూర్చోండి. జ్వరానికి నర్సమ్మ మందు ఇస్తుంది, ఎంత వేయాలో చెబుతుంది. పాలు మామూలుగా పట్టండి. సూది వేసినచోట నూనె, పసుపు రాయవద్దు, రుద్దవద్దు. జ్వరం మరీ ఎక్కువైనా, రెండు రోజులకు తగ్గకపోయినా, బిడ్డ తెరిపి లేకుండా ఏడ్చినా మళ్ళీ చూపించండి.

తూకం, చుక్క, పొట్లం

నర్సమ్మ, అంగన్‌వాడీ టీచరు కలిసి బిడ్డను తూచి, కార్డులో గీత గీస్తారు. గీత పైకి పోతే మంచిది. అడ్డంగా పోతే బిడ్డ తిండి చాలడం లేదన్నమాట, జబ్బు ఇంకా బయటికి కనిపించకపోయినా. ఆరు నెలలు దాటిన పిల్లల చేతికి రంగుల టేపు కూడా చుట్టి చూస్తారు. 11.5 సెంటీమీటర్లకు తక్కువగా, ఎరుపురంగులో ఉంటే ఆలస్యం చేయరాదు.

తొమ్మిదో నెలలో మొదలుపెట్టి ఐదేళ్ళదాకా ఆరునెలలకొకసారి పోసే ఎ-విటమిను కూడా సికింద్రాబాదు చుట్టుపక్కలదే అని చెప్పవచ్చు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞుల పరిశోధన ఆధారంగా 1970లో దేశమంతటా ఈ కార్యక్రమం మొదలయింది. అప్పట్లో రేచీకటితో మొదలై కళ్ళు కరిగిపోయిన పిల్లలు ప్రతి ఊళ్ళో ఉండేవారు. ఇంట్లో మునగాకు, పాలకూర, బొప్పాయి పెట్టడం మీ వంతు.

విరేచనాలు పట్టుకుంటే నీళ్ళు ఆపేయడం పాత అలవాటు. బిడ్డను చంపేది విరేచనం కాదు, ఒంట్లో నీరు పోవడం. నర్సమ్మ ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తం ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఒకేసారి కలపాలి. సగం పొట్లం సగం గ్లాసు అంటూ లెక్క తప్పించవద్దు. విరేచనం అయినప్పుడల్లా కొద్దికొద్దిగా, చెంచాతో పట్టండి. 24 గంటల తర్వాత మిగిలింది పారబోసి కొత్తది కలపండి. జింకు మాత్రలు విరేచనాలు ఆగినా సరే 14 రోజులూ వేయాలి. మూడోరోజే ఆపేసేవాళ్ళు చాలామంది. తల్లిపాలు ఆపరాదు.

నర్సమ్మను మనం అడగని మాట

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. టీకా గురించి అడుగుతారు, మాత్రల గురించి అడుగుతారు. “రెండోబిడ్డకు ఎంత ఎడం ఉండాలి? అంతవరకు ఏంచేయాలి?” అని మాత్రం అడగరు. ఇది భార్యాభర్తల వ్యవహారం, పిల్లల ఆరోగ్యానికి సంబంధం లేదనుకుంటారు. కాని ఒళ్ళో ఉన్న బిడ్డకు నర్సమ్మ వేయగల పెద్ద టీకా ఎడమే!

మన తెలుగువాళ్ళు “ఇద్దరు చాలు” అన్న మాట బాగా నేర్చుకున్నారు. 2019–21 జాతీయ సర్వే ప్రకారం స్త్రీకి సగటున పిల్లలు తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7. పెళ్ళయిన ఆడవాళ్ళలో సగానికిపైగా ఆపరేషను చేయించుకున్నారు. బాగుంది. కాని ఎలా చేసుకుంటున్నాం? పెళ్ళి, వెంటనే ఒక బిడ్డ, పాలు మానకముందే ఇంకో బిడ్డ, ఆపై ఆపరేషను. పిల్లల సంఖ్య తగ్గింది గాని పిల్లల మధ్య కాలం పెరగలేదు. ఎడం పెట్టే పద్ధతులు వాడేవారు మన దగ్గర చాలా కొద్దిమంది.

1930లలో పశ్చిమ ఆఫ్రికాలోని గోల్డ్‌కోస్టులో (ఇప్పటి ఘనా) సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ పనిచేసింది. ఒళ్ళు ఉబ్బి, చర్మం పొలుసులు ఊడి, జుట్టు రంగు మారిన పిల్లలను ఆమె చూసింది. అక్కడివాళ్ళు దాన్ని క్వాషియోర్కర్ అనేవారు. తర్వాతి బిడ్డ వచ్చినప్పుడు పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని ఆ మాటకు అర్థం. ఇప్పుడు డాక్టర్ల పుస్తకాలన్నిటిలోనూ అదే పేరు. చదువురాని ఆ తల్లులు తమ భాషలో ఒక్క మాటలో చెప్పుకున్నారు, తల్లి మళ్ళీ నెల తప్పితే ఒళ్ళో ఉన్న బిడ్డ ఒడి పోగొట్టుకుంటాడని, పాలు పోగొట్టుకుంటాడని. మన ఊళ్ళలోనూ అంతే గదా? నెల తప్పగానే పెద్దబిడ్డకు పాలు మాన్పించి, అమ్మమ్మ ఇంటికి పంపుతారు. రెండోవాడికీ మేలు లేదు. తల్లి ఒంట్లో ఖర్చయిన రక్తం, ఇనుము కూడకముందే కడుపున పడ్డ బిడ్డ నెలలు నిండకముందే పుట్టే ప్రమాదం, బరువు తక్కువగా పుట్టే ప్రమాదం ఎక్కువ. మనం బీడు పెట్టకుండా ఒకే చెలకలో పంట మీద పంట వేస్తే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కరలేదు.

కాన్పు తర్వాత కనీసం రెండేళ్ళు గడిచాకనే మళ్ళీ గర్భం ధరించాలి. అంటే పిల్లకూ పిల్లకూ మధ్య దాదాపు మూడేళ్ళు. గర్భస్రావం అయితే ఆరునెలలు ఆగాలి.

ఏయే మార్గాలు ఉన్నాయి? బిడ్డకు ఆరునెలలు నిండేదాకా, పగలూ రాత్రీ తల్లిపాలే ఇస్తూ, నెలసరి రానంతవరకు, గర్భం వచ్చే అవకాశం చాలా తక్కువ. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా నమ్మకం లేదు. నెలసరి రాలేదు గదా అని ఏడో నెలలో, ఎనిమిదో నెలలో ధైర్యంగా ఉండి మోసపోయే దంపతులే ఎక్కువ. నిరోధ్ మగవారు వాడేది, ఎవరి ఆరోగ్యానికీ ఇబ్బంది లేదు, నర్సమ్మ దగ్గర ఉచితం. పాలిచ్చే తల్లికి పనికివచ్చే ఛాయ మాత్ర మొదటి మూడునెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికొకసారి. అంతరా సూది మూడునెలలకొకసారి. మాల-ఎన్ మాత్రలు మాత్రం బిడ్డకు ఆరునెలలు నిండేదాకా పాలిచ్చే తల్లులకు తగవు. ఇక కాపర్-టి. కాన్పయిన 48 గంటల లోపలే వేయవచ్చు, రకాన్నిబట్టి ఐదేళ్ళో పదేళ్ళో పనిచేస్తుంది, వద్దనుకున్నరోజు తీయించుకోవచ్చు. అది గుండెలోకి పాకుతుందన్న పుకారు ఎవరు పుట్టించారో గాని, గర్భసంచీనుంచి గుండెకు దారి లేదు. ఎవరికి ఏది సరిపడుతుందో మీ ఒంటి సంగతి విని నర్సమ్మ చెబుతుంది.

కాపర్-టి గురించి గర్భవతిగా ఉన్నప్పుడే ఇద్దరూ మాట్లాడుకోండి. నొప్పులు పడుతున్న మనిషిని అడిగి నిర్ణయించే సంగతి కాదు ఇది. 1976లో దేశంలో కొన్నిచోట్ల బలవంతంగా ఆపరేషన్లు జరిగిన మాట వాస్తవం. ఆ భయం కొందరు మగవారిలో ఇంకా ఉంది. బలవంతం చేసే హక్కు నర్సమ్మకు లేదు, డాక్టరుకు లేదు, అత్తగారికీ లేదు. మీ ఇద్దరి ఇష్టమే.

ఇద్దరు పిల్లలు చాలనుకున్నాక ఆపరేషను విషయంలో ఒక్క మాట, మగవారితోనే. కోత, కుట్టు లేని వేసెక్టమీ కొద్ది నిమిషాల పని, అదేరోజు ఇంటికి పోవచ్చు, మగతనం తగ్గదు, పని చేసే బలం తగ్గదు. మూడునెలలపాటు నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకుంటే చాలు. రెండు కాన్పులు మోసిన మనిషికే కడుపు కోయించడం ఎందుకు?

మీరు చేయవలసింది

నర్సమ్మ దగ్గర నిజం దాచవద్దు. అబార్షను మాత్ర కొట్లో కొని మింగినా, బిడ్డకు నాటుమందు పట్టినా, టీకా మానేసినా చెప్పండి. తిడుతుందేమోనని భయపడి దాచిన మాటవల్లే ఆమె చికిత్స తప్పుదారి పడుతుంది. ఇంటికి వస్తే కుర్చీ వేయండి, పెద్దవాళ్ళు ఆమెతో మాట్లాడేటప్పుడు కోడలిని లోపలికి పంపవద్దు. టీకా రోజున వీలైతే తండ్రి కూడా రావాలి. బిడ్డను పట్టుకోవడానికి మాత్రమే కాదు, నర్సమ్మ చెప్పే నాలుగు మాటలు వినడానికి: ఈరోజు వేసిన టీకా ఏది, జ్వరం వస్తే ఏంచేయాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి, కార్డు ఎక్కడ దాచాలి.

ఈ కరపత్రం వెనుకవైపు ఖాళీ వదిలిపెట్టాం. అక్కడ మీ నర్సమ్మ పేరు, ఫోను నంబరు, ఆశా పేరు, మీ ఊళ్ళో టీకాలు వేసే రోజు, మీ చిన్నబిడ్డ పుట్టిన తేదీ రాసుకోండి. ఆ తేదీకి రెండేళ్ళు కలిపి, దాని కింద ఇంకో తేదీ రాయండి. రాయడం రాకపోతే టీకా రోజున కార్డుతోపాటు ఈ కాగితం కూడా తీసుకువెళ్ళండి, నర్సమ్మే రాసి ఇస్తుంది.